ట్రేల వెనక పెట్టె

ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు బ్రెడ్డు వ్యాను కాలేజీ గేటు ముందు నుంచి ఆగకుండా వెళ్లిపోయింది. ఆ కాలేజీ హాస్టల్లో చేరాల్సిన అమ్మాయి ఆ వ్యానులోనే ఉంది. పది గంటల్లోగా హాజరు కాకపోతే ఆమె గది జాబితాలో తర్వాతి పేరుకు పోతుంది.

గేటు వెనక్కి జరగడం అత్త వైపు అద్దంలో కనిపించింది. వరస గేటు దాటి బయటికి వచ్చి గోడ మలుపు దాకా ఉంది. చక్రాల పెట్టెలు, పరుపుచుట్టలు, ఎండకి తల మీద ఫైలు పట్టుకున్న ఒకాయన, తర్వాత మలుపు, తర్వాత అద్దంలో బస్సు మూతి, అంతే. వ్యాను ముందు సీటు ఇద్దరికి. ముగ్గురు కూర్చున్నారు. స్టీరింగ్ దగ్గర నాన్న, తలుపు దగ్గర రోజూ ఆయనతో సరుకు దించే అత్త, మధ్యలో అమ్మాయి, గేరు రాడ్డుకు చెరోపక్క ఒక కాలు. గేరు మార్చాల్సి వచ్చినప్పుడల్లా నాన్న "కాలు" అంటాడు, ఆమె జరుపుతుంది. పొద్దున్నుంచీ వాళ్లిద్దరి మధ్య నడిచిన మాటల్లో సగం ఆ మాటే.

"ఇంకా నాలుగు చోట్లే. ఇరవై నిమిషాలు, అరగంట. మళ్లీ ఇక్కడుంటాం," అన్నాడు నాన్న. "చివర్లో వెళ్తే తోపులాట ఉండదు."

"డాక్టరు దగ్గరా అంతేగా," అంది అత్త. "ఆఖరి టోకెను తీసుకుంటే ఆయన తీరిగ్గా చూస్తాడు."

తీరిగ్గా. పది దాటితే తీరికే తీరిక. ఆ మాట పైకి అనలేదు. ఇక్కడే దిగిపోతానని అనొచ్చు, దిగి ఏం చేస్తుంది, మార్కుల కాగితాలు పెట్టెలో ఉన్నాయి. చేతిసంచిలో పెట్టుకుంటానంటే అత్త ఒప్పుకోలేదు, సంచైతే ఎవడైనా లాక్కుపోతాడు, ఇనప్పెట్టెని లాక్కుపోయే మొనగాడు ఇంకా పుట్టలేదంది. పెట్టె వ్యానులో ఉంది, వ్యాను ఇక్కడే ఉంది, చెయ్యి వెనక్కి చాపితే రేకు గోడ, ఆ రేకుకి అవతలివైపు ఆనుకునే పెట్టె. తలుపు మాత్రం వెనక. తలుపుకీ పెట్టెకీ మధ్య నాలుగు దుకాణాల బ్రెడ్డు, ట్రే మీద ట్రే, పైకప్పు దాకా. ముందు దిగేది చివర ఎక్కాలి, చివర దిగేది ముందు ఎక్కాలి. నాన్న ఈ పనిలో చేరిన రోజు నేర్చుకున్న మొదటి మాట అదే, ఇంట్లో కూడా అంతే, అన్నం గిన్నె కింద, కూర గిన్నె పైన సర్దుతుంటే ఏది ముందు తింటామో అది పైన ఉండాలంటాడు. తెల్లారకముందే బేకరీ వెనక నాన్న లోడు ఎక్కిస్తూ మనసులో దుకాణాలన్నీ చెప్పుకుని ఉంటాడు, సైకిలు షాపు పక్కది, క్యాంటీను, కిరాణా, ఆసుపత్రి, సూపర్ మార్కెట్టు, ఆఖర్న అమ్మాయి కాలేజీ. ఆఖరిది కాబట్టి మొదట ఎక్కించాడు. తప్పేం చెయ్యలేదు. ఇన్నేళ్లూ చేసినట్టే చేశాడు.

కాలు. జరిపింది.

పోయిన వారం హాస్టలుకి ఎవరో టైముకి రాలేదు. ఆ ఖాళీయే ఆమెకి వచ్చింది. ఎవరా రాని మనిషి? బస్సు తప్పిపోయిందా, మనసు మార్చుకుందా, లేక ఆవిడ పెట్టె కూడా ఎక్కడో ఏ గోధుమపిండి బస్తాల వెనకో ఇరుక్కుందా? ఇప్పుడు ఏదో ఊళ్లో ఇంకో అమ్మాయి ఉంటుంది, ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంటుంది, పది ఎప్పుడవుతుందా అని. ఆ అమ్మాయి మీద కోపం రావాలి, రాలేదు, పోయిన వారం తనూ అలాగే కూర్చుంది కాబట్టి. గది పోతే చదువు పోయినట్టే. ఇంటి నుంచి బయల్దేరే మొదటి బస్సు కాలేజీ చేరేసరికి పొద్దుటి ల్యాబు అయిపోతుంది. బయట గది తీసుకోవడం గురించి ఒకసారి మాట్లాడుకున్నారు, అమ్మ నవ్వింది, ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

అమ్మ రాలేదు. అమ్మ బేకరీలో స్లైసింగ్ మెషిను దగ్గర ఉంటుంది, మెషిను ఒకరికి అప్పగించి రావాలి, అప్పగించడానికి మనిషి లేదు. అమ్మ రాకపోయినా పెట్టె సర్దింది అమ్మే. హాస్టలంటే ఏమిటో వాళ్లింట్లో ఎవరికీ తెలియదు. సంచీ సర్దుకుని ఇంకోచోట పడుకోవడం వాళ్ల వంశంలో ఒక్క ఆసుపత్రికే జరిగింది. కాబట్టి అమ్మ ఆసుపత్రికి సర్దినట్టు సర్దింది. ఫ్లాస్కు, స్పూను, మూతున్న గ్లాసు, రెండు దుప్పట్లు, ఒకటి మంచానికి, ఒకటి పక్కన కింద పడుకునేవాళ్లకి. పక్కన ఎవరూ పడుకోరమ్మా అంటే, మొదటి రాత్రైనా ఎవరో ఒకర్ని ఉండనివ్వరా, మరీ అంత కఠినమా అంది. గ్లూకోజు పొట్లం కూడా పెట్టింది. అత్త సర్దుతున్నంతసేపూ పక్కన కూర్చుని అన్నిటికీ తలూపి, చివర్న అసలు సంగతి అడిగింది. "ఇంతకీ డిశ్చార్జి ఎప్పుడు చేస్తారే?" మూడేళ్లకి అత్తా. "మూడేళ్లా! అంత ముదిరిందా చదువు?"

నవ్వొచ్చింది. అత్త తిరిగి చూసి, "ఏంటే నీలో నువ్వే నవ్వుకుంటున్నావు, దిగకముందే పట్టిందా గాలి?" అంది.

ఫ్యాక్టరీ క్యాంటీన్ దగ్గర బండి ఆగింది. నాన్న వెనక తలుపు తీశాడు, అత్త ట్రేలు భుజానికెత్తుకుంది. రెండు నిమిషాల పని. అత్త తిరిగి రావాలి, రాలేదు. వచ్చింది, వెనక వంటావిడ, ఆవిడ వెనక గిన్నెలు కడిగే ఇద్దరు. నాన్న రెండు వారాలుగా ప్రతి దుకాణంలో చెప్పాడన్న విషయం ఆమెకి అప్పుడే తెలిసింది. ఇంట్లో ఒక్క మాట అనని మనిషి. సీటు వచ్చిందని చెప్పిన రోజు "ఊఁ" అని, చెప్పులు విప్పి, స్నానానికి వెళ్లిన మనిషి.

"ఈ అమ్మాయేనా డ్రైవరన్నా, రాళ్ల చదువు?" అంది వంటావిడ.

"ఆఁ. రాళ్లు, మట్టి, భూమి లోపలిదంతా," అన్నాడు నాన్న. తన చదువు గురించి ఆయన అన్ని మాటలు అనడం ఆమె ఎప్పుడూ వినలేదు.

"రాళ్లకి చదువెందుకమ్మా? మా ఆయన బుర్ర తీసుకుపో, మూడేళ్లూ దాని మీదే చదవొచ్చు."

గిన్నెలు కడిగే ఇద్దరూ విరగబడి నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే నాన్న చేతికున్న గడియారం చూసింది, అది తలకిందులుగా ఉంది, చదవడానికి కుదరలేదు.

ఈ చదువు మీద మనసు పోయింది రాళ్ల వల్ల కూడా కాదు, గొయ్యి వల్ల. మొదట గొయ్యి. వీధిలో పైపులు వేస్తామని ఇంటి గుమ్మం ముందే తవ్వి నెలరోజులు అలాగే వదిలేశారు. అందరూ చెక్క మీద నడిచి దాటేవాళ్లు, ఆమె లోపలికి దిగింది. ఎనిమిదేళ్లుంటాయేమో. గోడలో పైన నల్ల మట్టి, దాని కింద ఎర్ర మట్టి, దాని కింద ఇసక, ఇసకలో నత్తగుల్లలు. నత్తలు అంత లోపలికి ఎలా దిగాయని అమ్మని అడిగితే, నీలాగే చెప్పిన మాట వినక దిగుంటాయి, పైకి రా అంది. బడిలో అడిగితే సైన్సు టీచరు, నత్తలు దిగలేదు, నేల పైకి పెరిగింది, అక్కడ ఒకప్పుడు నీళ్లుండేవి అన్నాడు. మా గుమ్మం ముందా? మీ గుమ్మం ముందే. ఆ రోజు ఇంటికి వచ్చి చెక్క మీద నిలబడి కిందికి చూస్తే కాళ్లలో ఏదో కదిలింది, పడవలో నిలబడ్డట్టు. ఆమె ఎప్పుడూ పడవ ఎక్కలేదు. కాలు. జరిపింది. దరఖాస్తులో ఈ కోర్సు ఎందుకని అడిగారు, నత్తల సంగతి రాసి కొట్టేసి, ఆసక్తి ఉన్నందువల్ల అని రాసింది.

కిరాణా కొట్టు. ఇక్కడ పెద్దాయన ఉంటాడు, ఎవరు ఏం కొన్నా ఇంటికి సరిపోతుందా అని అడిగే మనిషి. ఆయన ఆమెని దిగమన్నాడు. దిగకపోతే బాగుండదు, అత్త అప్పటికే చెయ్యి పట్టుకుంది. ఆయన సొరుగులోంచి తాళంకప్ప తీశాడు, హాస్టల్లో తాళం లేనిదే బతకలేరన్నాడు, తన పెద్దకొడుకు సబ్బు మొదటిరోజే పోయిందన్నాడు. తాళం చెవి ఒకటే ఉంది. రెండోది వెతకడం మొదలుపెట్టాడు. ఫర్వాలేదు తాతగారూ ఒకటి చాలు అంటే, ఒకటి పోతే అప్పుడు నన్ను తిడతావన్నాడు. సొరుగంతా గల్లాబల్ల మీద బోర్లించాడు. మేకులు, రబ్బరు బ్యాండ్లు, కాలిపోయిన బల్బు. ఆయన వెతుకుతుంటే కొట్లో సరుకులకి వచ్చినవాళ్లు కూడా వెతకసాగారు. అందరూ ఆమె కోసమే వెతుకుతున్నారు, అందరూ ఆమెకి మేలే చేస్తున్నారు, పోట్లాడ్డానికి ఒక్క మనిషీ లేడు. రెండో చెవి ఆయన జేబులోనే దొరికింది. "వేసి చూడు," అన్నాడు. వేసింది. "తియ్యి." తీసింది. "ఇంకో చెవితో."

వ్యానులో అత్త తాళంకప్పని ఒళ్లో పెట్టుకుని బరువు చూసింది. "మంచిదే. దొంగ వస్తే తలమీద వెయ్యడానికి కూడా పనికొస్తుంది."

అడగందే అమ్మైనా పెట్టదంటారు. వాళ్లమ్మ అడక్కుండానే పెడుతుంది, చిక్కంతా అక్కడే. ఆమెకి అడగడం అలవాటు కాలేదు. ఆకలి అనకముందే కంచం, జ్వరం అనకముందే నుదుటి మీద చెయ్యి. ఇచ్చేవాళ్లని తొందరపెట్టకూడదు, అది ఇంటి నియమం, ఎవరూ చెప్పింది కాదు, గోడకి సున్నంలా పట్టేసింది. బడిలో ఎవరైనా రెండోసారి అడిగితే చెబుతానని టీచరు అంటే రెండోసారి అడిగేది వేరేవాళ్లు. వాళ్ల ఇళ్లల్లో మనుషులు భోజనాల దగ్గర వాదించుకుంటారట. హాస్టల్లో హాజరు రాసుకునే గుమస్తాతో, ఒక్క పది నిమిషాలు ఆగండి అనడం వాళ్లకి వస్తుంది. ఆమెకి రాదు. గుమస్తా ముఖం ఎలా ఉంటుందో తెలియకపోయినా పొద్దున్నుంచీ ఆ ముఖం ఆమె ముందే ఉంది, కళ్లజోడుతో ఒకసారి, లేకుండా ఒకసారి.

ఆసుపత్రి. వెనక గుమ్మం, క్యాంటీన్‌లోకి మెట్లు. ఆమె దిగకూడదనుకుంది. క్యాషు దగ్గర కూర్చునే ఆవిడే బయటికి వచ్చేసింది, అత్తకి స్నేహితురాలు, కిటికీలోంచి తల లోపలికి పెట్టి చూసి, "అయ్యో, ఈ జుట్టుతోనా కాలేజీకి? గాలికి రేగిపోయి కాకిగూడులా ఉంది. దిగు తల్లీ," అంది. దిగింది. ఆవిడ మెట్టు మీద కూర్చోబెట్టి జడ విప్పేసింది. విప్పాక ఇక లేచే దారి లేదు. ఆవిడ చేతులు వేగంగానే నడుస్తున్నాయి, నోరు ఇంకా వేగంగా నడుస్తోంది, మొదటిరోజు ఎవరితో స్నేహం చేస్తావో వాళ్లే మూడేళ్లూ ఉంటారు, జాగ్రత్తగా చూసి ఎంచుకో, మరీ నవ్వేవాళ్లని నమ్మకు, అసలు నవ్వనివాళ్లని అసలే నమ్మకు. లోపల టీ కోసం నిలబడ్డవాళ్లు కేకేశారు. "ఉండండయ్యా, పిల్ల జడ సగంలో ఉంది!" అని అరిచింది ఆవిడ. కేకలు ఆగాయి. సగం జడ అందరికీ అర్థమైన కారణమే అయింది. మెడ మీద ఆవిడ వేళ్లు తగులుతుంటే పొద్దున అమ్మ వేసిన జడ గుర్తొచ్చింది, అమ్మ చేతికి పిండి ఉంది, అద్దంలో చూసుకుంటే జడలో అక్కడక్కడ తెలుపు, నీకు అప్పుడే నెరిసిందే అని అమ్మ నవ్వింది, నవ్వుతూనే అటు తిరిగి స్టవ్ తుడిచింది, తుడిచిందే తుడిచింది. కాలేజీ నుంచి మొదటి ఫోను ఏ టైముకి చెయ్యాలో అమ్మ చెప్పలేదు. మెషిను ఆపే టైము మాత్రం చెప్పింది.

గోడ గడియారం మెట్ల మీంచి కనిపిస్తోంది. తొమ్మిదీ ముప్పై ఎనిమిది.

వ్యాను కదిలింది. మిగిలింది సూపర్ మార్కెట్టు ఒక్కటే, వంతెన అవతల. ఎక్కువ ట్రేలు అక్కడివే. వంతెన మీద లారీలు బారుగా నిలబడి ఉండడం ఇక్కణ్ణుంచే కనిపిస్తోంది. పోవడానికి పది నిమిషాలు అనుకుందాం, దించడానికి పది, మళ్లీ వంతెన, మళ్లీ ఆసుపత్రి, కిరాణా, అక్కణ్ణుంచి గేటు. ఎన్నిసార్లు కూడినా పదికి అవతలే తేలుతోంది. నాన్న కూడా కూడుతున్నాడు. స్టీరింగ్ మీద బొటనవేలు కొడుతోంది, అది ఆయన లెక్క చేసే పద్ధతి. టైము చాలదని ఆయన అనడు. బ్రెడ్డు తిరిగొస్తే ఆయన జీతంలోంచి పోతుంది, కాబట్టి నువ్వు ఆగు అని కూడా ఆయన అనడు. ఇద్దరూ అనకుండానే వంతెన వస్తుంది, వంతెన ఎక్కాక వెనక్కి తిప్పే చోటు లేదు. ఆమె అంటే ఆయన తిప్పుతాడు. అది ఆమెకి తెలుసు. అందుకే కష్టం, కాదనే మనిషిని అడగడం తేలిక. ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఆ ఇంకో అమ్మాయి అడుగుతుందా? ఏమో. చిన్నప్పుడు ఆ గొయ్యిలోంచి ఒకసారి తను పైకి రాలేకపోయింది, మట్టి జారింది, అరవడానికి సిగ్గేసి చీకటి పడేదాకా అక్కడే కూర్చుంది, నాన్న డ్యూటీ నుంచి వచ్చి చెక్క మీద నడుస్తూ కిందికి చూసి, పిలవొచ్చుగా అమ్మలూ అన్నాడు. అంతే అన్నాడు. పిలవొచ్చుగా.

"కాలు," అన్నాడు నాన్న.

ఆమె జరపలేదు. "నాన్నా, బండి తిప్పు."

నాన్న ఆమె వైపు చూశాడు.

"ట్రేలు దించకుండా పెట్టె రాదే," అంది అత్త.

"దించుదాం. గేటు దగ్గర దించి, పెట్టె తీసుకుని, మళ్లీ ఎక్కిద్దాం. సూపర్ మార్కెట్‌కి నేను ఫోన్ చేస్తా."

నంబరు డ్యాష్‌బోర్డు మీద అంటించి ఉంది. మేనేజరు రెండో రింగుకే ఎత్తాడు. ఆమె బ్రెడ్డు వ్యాను డ్రైవరు గారి అమ్మాయినని చెప్పింది, బండి ఆలస్యమవుతుందని చెప్పింది, ఎందుకో కూడా చెప్పింది. మాటలు వరసగానే వచ్చాయి. "చదువు సంగతి విన్నాంలే. శుభం. పదిన్నర దాటితే మాత్రం సరుకు తీసుకోను, మీ నాన్నకి చెప్పు," అన్నాడు మేనేజరు, పెట్టేశాడు.

"పదిన్నరట నాన్నా."

"పదిన్నరా!" అన్నాడు నాన్న. "బోలెడు." బండి అప్పటికే తిప్పేశాడు.

గేటు దగ్గర వరస తగ్గి లోపలి వరండాలోకి పోయింది. నాన్న రెండు చక్రాలు ఫుట్‌పాత్ మీదికి ఎక్కించి వెనక తలుపు తీశాడు. ట్రేలు దిగడం మొదలైంది. బ్రెడ్డు కింద పెట్టకూడదు. కాళ్లున్న ఖాళీ ట్రేలు ఒక వరస పరిచి, వాటి మీద మిగతావి పేర్చారు. ఎండలో వేడెక్కిన బ్రెడ్డు వాసన గేటు దాటి లోపలికి వెళ్లింది. పొద్దున్నుంచీ నిలబడ్డవాళ్లు ఒక్కొక్కరే బయటికి వచ్చారు.

"ఎంతండీ ఒకటి?" అన్నాడు తల మీద ఫైలు పెట్టుకున్నాయన. ఆయన అమ్మాయి పని అయిపోయినట్టుంది, ఫైలు ఇప్పుడు చంకలో ఉంది.

"అమ్మకానికి కాదండీ. పెట్టె వీటి వెనకుంది," అంది అత్త.

"వెనక ఎందుకు పెట్టారు?"

"ఆఖరి స్టాపు కదండీ," అన్నాడు నాన్న, వ్యాను లోపలి నుంచి.

వాచ్‌మన్ వచ్చాడు. "ఇక్కడ కొట్టు పెట్టకూడదు, తీసెయ్యాలి."

"తీస్తున్నాంగా బాబూ, కళ్లెదురుగా! నువ్వూ ఓ చెయ్యి వెయ్యి, తొందరగా పోతాం," అంది అత్త. వాచ్‌మన్ అటూ ఇటూ చూసి చెయ్యి వేశాడు. ఫైలాయన చంకలోంచి ఫైలు తీసి కూతురికిచ్చి రెండు ట్రేలు అందుకున్నాడు. ఇంకెవరో అందుకున్నారు. ఆమె ఎప్పుడూ చూడని మనుషులు, ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి ట్రేలు పోతున్నాయి, ఆ అమ్మాయి, ఫైలాయన కూతురు, "నీదేనా పెట్టె? ఏ కోర్సు?" అంది. చెప్పింది. "నాదీ అదే. మా ఇంట్లో అందరూ ఏడుస్తున్నారు, రాళ్లతో ఉద్యోగాలెక్కడివని." ఆమెకి నవ్వు ఆగలేదు. మరీ నవ్వేవాళ్లని నమ్మకూడదట. ఆ అమ్మాయీ అంతే నవ్వుతోంది.

ఆఖరి ట్రే తీశాక పెట్టె కనిపించింది. నాన్న దాన్ని జరిపి దించి మూత తీశాడు. కాగితాలు దుప్పట్ల అడుగున ఉన్నాయి. తీసి ఆమె చేతిలో పెట్టాడు. "పద," అన్నాడు. ఇంకా ఏదో అనబోయి, "పద పద. నేను ఎక్కిస్తుంటా," అన్నాడు, ట్రేల వైపు తిరిగాడు. ఆయన చొక్కా వీపంతా తడిసి ఉంది. ఆమె పరిగెత్తింది.

వరండాలో టేబుల్ దగ్గర ఆమె ముందు ఇద్దరే ఉన్నారు. గుమస్తా ఆడమనిషి, కళ్లజోడు ఉంది, నుదుటి మీదికి ఎత్తి పెట్టుకుంది. కాగితాలు చూసింది, పేరు చూసింది, గడియారం చూసింది. పదికి మూడు నిమిషాలు తక్కువ.

"తల్లీ తండ్రీ ఎవరైనా వచ్చారా? సంతకం కావాలి."

నాన్న గేటు బయట, బండి సగం రోడ్డు మీద. ఆమె వెనక్కి తిరిగేలోగా వెనకే గొంతు వినిపించింది. "నేనున్నానండీ, మేనత్తని." అత్త చేతిలో ఒక ట్రే ఉంది. పరిగెత్తుకుంటూ వస్తూ దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక తెచ్చేసింది.

"మేనత్త ఫర్వాలేదు. ఆ బ్రెడ్డు అలా పక్కన పెట్టండి."

"కింద పెట్టకూడదండీ, తినే వస్తువు," అని అత్త ట్రే మేనకోడలి చేతికిచ్చి పెన్ను అందుకుంది. చూపించిన చోట సంతకం పెట్టింది. పెట్టి, ఆగకుండా, సంతకం పక్కన ఒక అంకె వేసింది. దుకాణంలో సరుకు అప్పగించాక రోజూ అత్త చేసే పని అది, సంతకం పెట్టి పక్కన ఎన్ని ట్రేలో వెయ్యడం. ఇప్పుడు 1 వేసింది.

గుమస్తా కళ్లజోడు దించుకుంది. "ఈ ఒకటి ఏంటమ్మా?"

అత్త చూసుకుంది. నాలిక కరుచుకుంది. తర్వాత సర్దుకుంది. "పిల్లండీ. ఒక్కతే. అప్పగించాం కదా."

"కొట్టేసి మళ్లీ పెట్టండి."

"ఎందుకండీ, లెక్క సరిగ్గానే ఉందిగా."

గుమస్తా అత్తని చూసింది, ట్రే పట్టుకుని నిలబడ్డ అమ్మాయిని చూసింది. ముద్ర తీసి సంతకం మీద, అంకె మీద కలిపి వేసింది. తాళం చెవి టేబుల్ మీద పెట్టింది. గది ఇరవై ఏడు, రెండో అంతస్తు.

పెట్టె గేటు లోపల పెట్టి, అత్త తెచ్చిన ట్రే కూడా ఎక్కించాక, పది దాటి వ్యాను గేటు దగ్గర నుంచి కదిలింది. సూపర్ మార్కెట్‌లో బ్రెడ్డు పదీ ఇరవై రెండుకి దిగింది.